ముసలి ఎలుకకు కుర్ర ఇమ్యూనిటీ: మొక్కల పదార్థాల పరిశోధనలను ఎలా చదవాలి?

రెండేళ్లు నిండిన ల్యాబ్ ఎలుక అంటే మనిషి లెక్కలో డెబ్బై ఏళ్లకు దగ్గర పడ్డట్టే. దాని మేతలో ఏదో ఒక మొక్క నుంచి తీసిన పదార్థాన్ని కొన్ని వారాలు కలిపి పెడతారు, ఆ తర్వాత ప్లీహం (స్ప్లీన్) తీసి అందులోని కణాలు లెక్కపెడతారు, ఆ లెక్క కుర్ర ఎలుకల లెక్కకు కాస్త దగ్గరగా వస్తే చాలు, "ఇమ్యూనిటీ వయసును వెనక్కి తిప్పే పదార్థం దొరికింది" అని వార్త వచ్చేస్తుంది. ఇలాంటి పరిశోధనల్లో నిజంగా గట్టివి ఉన్నాయి, చాలా బలహీనమైనవీ ఉన్నాయి. బయటి నుంచి చూసేవాళ్లకు మాత్రం రెండూ ఒకేలా కనిపిస్తాయి. నా దృష్టిలో వాటిని వేరుచేసే ప్రశ్న ఒక్కటే ఉంది: ఆ ముసలి ఎలుక నిజమైన రోగాన్ని తట్టుకుని బతికిందా, లేక దాని కణాల లెక్క మాత్రమే బాగుపడిందా?

ఈ ప్రశ్న ఎందుకు అంత ముఖ్యమో తెలియాలంటే, వయసు మీద పడ్డాక ఇమ్యూనిటీలో అసలేం జరుగుతుందో ముందు చూడాలి.

"పెద్దవయసులో ఇమ్యూనిటీ తగ్గిపోతుంది" అని మామూలుగా అనేస్తాం. జరిగేది అంత సూటిగా ఉండదు, కొంత తగ్గుతుంది, కొంత అక్కర్లేని చోట పెరుగుతుంది. ఛాతీ ఎముక వెనకాల, గుండెకు కాస్త పైన థైమస్ అనే గ్రంథి ఉంటుంది. 1961లో జాక్ మిల్లర్ అనే శాస్త్రవేత్త అప్పుడే పుట్టిన ఎలుక పిల్లల్లో దాన్ని తీసేసి చూశారు. అవి ఇన్‌ఫెక్షన్లను తట్టుకోలేకపోయాయి, వేరే ఎలుక చర్మాన్ని అతికించినా వాటి శరీరం దాన్ని తిప్పికొట్టలేకపోయింది. అప్పటిదాకా పెద్దగా పనిలేని అవయవమని అనుకున్న ఆ గ్రంథిలోనే టి కణాలు ఎదుగుతాయని, సొంత శరీరం జోలికి పోకుండా బయటి క్రిమిని పట్టుకునేవి మాత్రమే అక్కడి నుంచి బయటకు వస్తాయని ఆ తర్వాత తేలింది. ఈ గ్రంథి చిన్నతనం నుంచే కుంచించుకుపోతూ వస్తుంది, దాని స్థానంలో కొవ్వు చేరుతుంది. మనిషిలోనూ అంతే, ఎలుకలోనూ అంతే.

దాంతో ఇంతవరకు ఏ క్రిమినీ ఎదుర్కోని కొత్త టి కణాల సరఫరా పడిపోతుంది. వీటిని నైవ్ టి కణాలు అంటారు. శరీరం ఎప్పుడూ చూడని వైరస్ వచ్చినప్పుడు పనికొచ్చేవి ఇవే. మరోపక్క పాత జబ్బులను గుర్తుపెట్టుకున్న మెమరీ కణాలు పేరుకుపోతాయి, సైటోమెగాలో వైరస్ లాంటిది ఒంట్లో ఏళ్ల తరబడి దాగి ఉంటే దాన్ని కాపలా కాసే కణాలే చాలా చోటు ఆక్రమించేస్తాయి. ఎముక మజ్జలోని మూల కణాలు కూడా వయసుతో పాటు దారి మార్చుకుంటాయి: టి, బి కణాల వైపు వెళ్లే శాతం తగ్గి, క్రిమి ఏదైనా మొదట ఎదురెళ్లే మైలాయిడ్ కణాల వైపు మొగ్గు పెరుగుతుంది. టీకా వేసినా బి కణాలు మునుపటంత గట్టి యాంటీబాడీలు తయారు చేయవు.

ఇవి తగ్గేవి. పెరిగేది ఇన్‌ఫ్లమేషన్. ఏ క్రిమీ లేకపోయినా ఒంట్లో సన్నటి మంట ఆరకుండా ఉంటుంది, దీనికి 2000లో క్లాడియో ఫ్రాంచెస్కీ అనే ఇటలీ శాస్త్రవేత్త "ఇన్‌ఫ్లమేజింగ్" అని పేరు పెట్టారు. దీనికి ఒక కారణం సెనెసెంట్ కణాలు. దెబ్బతిన్న కణం విభజన ఆపేస్తుంది, కానీ చావదు. అక్కడే ఉండి చుట్టుపక్కల కణాలను రెచ్చగొట్టే పదార్థాలను వదులుతూ ఉంటుంది. మామూలుగా అలాంటి కణాలను ఏరిపారేయాల్సింది ఇమ్యూన్ వ్యవస్థే, ఆ వ్యవస్థే ముసలిదైతే అవి పేరుకుపోతాయి, పేరుకుపోయిన కణాలు వదిలే పదార్థాల వల్ల ఇమ్యూన్ వ్యవస్థ ఇంకా దెబ్బతింటుంది. 2021లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధనలో డీఎన్ఏను బాగుచేసే ఈఆర్‌సీసీ1 అనే జన్యువును ఎలుకల రక్త కణాల్లో మాత్రమే తీసేశారు. మిగతా శరీరమంతా మామూలుగానే ఉంది. అయినా కొంతకాలానికి కాలేయం, కిడ్నీ లాంటి అవయవాల్లో కూడా సెనెసెంట్ కణాలు పెరిగాయి. అంటే ఇమ్యూన్ వ్యవస్థ ముసలిదైతే ఆ ప్రభావం దానితోనే ఆగడం లేదు. ఈ రంగంలో ఇంతమంది ఎందుకు పనిచేస్తున్నారో ఈ ఒక్క ప్రయోగం చూస్తే తెలిసిపోతుంది.

ఇక మొక్కల సంగతి. మొక్క పురుగును చూసి పారిపోలేదు, ఎండకు నీడలోకి జరగలేదు. అందుకే రసాయనాలతోనే తనను తాను కాపాడుకుంటుంది. పాలీఫెనాల్స్ అనే పెద్ద కుటుంబం అలా పుట్టిందే: రెస్వెరట్రాల్, క్వెర్సెటిన్, ఫిసెటిన్, పసుపులోని కర్‌క్యుమిన్, గ్రీన్ టీలోని ఈజీసీజీ అన్నీ ఆ బాపతే. జంతు కణాల్లోకి వెళ్లాక ఇవి చాలావరకు మందుగా కాకుండా చిన్నపాటి స్ట్రెస్‌గా పనిచేస్తాయని చాలామంది పరిశోధకుల అభిప్రాయం. ఆ స్ట్రెస్‌కు స్పందనగా కణం తన రక్షణ ఏర్పాట్లను మేలుకొలుపుతుంది, చెత్తను శుభ్రం చేసుకునే ఆటోఫజీని పెంచుతుంది, ఇన్‌ఫ్లమేషన్‌ను నడిపించే ఎన్ఎఫ్-కప్పా-బి లాంటి ప్రొటీన్లను కాస్త తగ్గిస్తుంది. వినడానికి బాగుంది, కొంతవరకు నిజం కూడా. ఇబ్బంది ఏమిటంటే ఈ పదార్థాల్లో చాలావాటికి ఒక నిర్దిష్టమైన లక్ష్యం అంటూ ఉండదు, ఏ ప్రొటీన్ కనిపిస్తే దానికి అంటుకునే గుణం ఉంటుంది. కర్‌క్యుమిన్ అయితే మరీను. పరీక్ష గొట్టంలో దాదాపు దేని మీదైనా పనిచేస్తున్నట్టే కనిపిస్తుంది, కాంతి పడితే అది కూడా మెరుస్తుంది కాబట్టి వెలుగును కొలిచే పరీక్షలను తప్పుదారి పట్టిస్తుంది కూడా. రక్తంలో ఉండే పీహెచ్ దగ్గర నిమిషాల్లోనే విరిగిపోతుంది. 2017లో కొందరు మెడిసినల్ కెమిస్టులు దీని చరిత్రనంతా తిరగేసి, అప్పటికి 120కి పైగా క్లినికల్ ట్రయల్స్ జరిగినా డబుల్ బ్లైండ్ పద్ధతిలో (ఎవరికి ఏది ఇచ్చారో ఇచ్చేవాళ్లకూ తీసుకునేవాళ్లకూ తెలియకుండా), ప్లసీబోతో, అంటే మందు లేని ఉత్తుత్తి మాత్రతో, పోల్చి చేసిన ఏ ట్రయలూ నెగ్గలేదని రాశారు. కాబట్టి ప్లేటులో పెంచిన కణాల మీద వచ్చిన ఫలితాన్ని నేను అసలు లెక్కలోకే తీసుకోను. జంతువులోకి వెళ్లాక ఏమైందన్నదే కావాలి.

జంతువులో ఎలా కొలుస్తారో ఒకసారి దగ్గరగా చూడండి. ఎలుక ప్లీహాన్ని బయటకు తీసి, సన్నటి జల్లెడ మీద నలిపి, కణాలను విడదీస్తారు. ఎర్ర రక్త కణాలను పగలగొట్టి తీసేస్తారు. మిగిలిన వాటికి రంగు కలిపిన యాంటీబాడీలు అంటిస్తారు: కణం పైన ఉండే సీడీ44 అనే ప్రొటీన్‌కి ఒక రంగు, సీడీ62ఎల్ అనే ప్రొటీన్‌కి ఇంకో రంగు. ఫ్లో సైటోమీటర్ అనే యంత్రంలో ఒక్కో కణం లేజర్ ముందు నుంచి వెళ్తుంటే ఏ రంగు ఎంత వెలిగిందో నమోదవుతుంది. సీడీ44 తక్కువగా, సీడీ62ఎల్ ఎక్కువగా ఉన్న టి కణం నైవ్ కణం. సీడీ44 ఎక్కువైతే అది మెమరీ కణం. చివరికి స్క్రీన్ మీద నాలుగు గదుల బొమ్మ, ఒక్కో గదిలో ఒక శాతం.

ఆ శాతం దగ్గరే చాలామంది బోల్తా పడతారు. ముసలి ఎలుకలో 100 టి కణాలు ఉంటే అందులో 20 నైవ్, 80 మెమరీ అనుకుందాం. మనం ఇచ్చిన పదార్థం 40 మెమరీ కణాలను చంపేసింది, అంతే, ఇంకేం చేయలేదు. ఇప్పుడు 60లో 20 నైవ్, అంటే 33 శాతం. 20 శాతం కాస్తా 33 అయింది, పేపర్లో "నైవ్ కణాలు గణనీయంగా పెరిగాయి" అని రాసుకోవచ్చు. కొత్తగా పుట్టిన కణం ఒక్కటి కూడా లేదు! శాతంతో పాటు అసలు సంఖ్య కూడా ఇచ్చారా అని చూడటం అందుకే. థైమస్ నుంచి కొత్తగా బయటకు వచ్చిన కణాలను విడిగా కొలిచి ఉంటే ఇంకా మంచిది.

థైమస్ బరువు పెరిగిందని చెప్పే పేపర్ల విషయంలోనూ ఇలాంటి చిక్కే ఉంది. స్ట్రెస్ హార్మోన్లకు థైమస్ చాలా త్వరగా కుంచించుకుపోతుంది. ఒకే పంజరంలో పెట్టిన మగ ఎలుకలు కొట్టుకుంటాయి, రోజూ గొంతులోకి గొట్టం దింపి మందు పోస్తుంటే వాటికి టెన్షన్ పెరుగుతుంది. ఒక గ్రూప్ కన్నా ఇంకో గ్రూప్ కాస్త ప్రశాంతంగా ఉన్నా థైమస్‌లో తేడా కనిపిస్తుంది.

ఇంకో సంగతి నన్ను నిజంగా బాధపెడుతుంది. మొక్కల పదార్థాల మీద వచ్చే పేపర్లలో చాలావాటిలో "ముసలి ఎలుకలు" అసలు ముసలివే కావు. రెండేళ్లపాటు ఎలుకలను పోషించాలంటే ఖర్చు, ఓపిక రెండూ కావాలి. అందుకని కుర్ర ఎలుకలకు కొన్ని వారాలపాటు రోజూ డి-గెలాక్టోజ్ అనే చక్కెరను ఇంజెక్షన్‌గా ఇస్తారు. దాంతో ఆక్సిడేటివ్ దెబ్బ తగిలి, వృద్ధాప్యాన్ని పోలిన కొన్ని లక్షణాలు వస్తాయి. ఆ తర్వాత ఒక యాంటీ ఆక్సిడెంట్ ఇస్తే అవి తగ్గుతాయి. తగ్గక ఏం చేస్తాయి, పెట్టిన దెబ్బే ఆక్సిడేటివ్ దెబ్బ, ఇచ్చిన విరుగుడు దానికే! ఏళ్ల తరబడి థైమస్ కుంచించుకుపోవడం, మెమరీ కణాలు పేరుకోవడం లాంటివేవీ ఆ కొన్ని వారాల్లో జరగవు. వార్తలో మాత్రం "వృద్ధాప్య ఎలుకల్లో" అనే వస్తుంది. కాబట్టి పేపర్ తెరిచిన వెంటనే వెతకాల్సింది ఎలుకల వయసు: 18 నెలలు దాటినవా, లేక రెండు నెలల ఎలుకలకు చక్కెర ఎక్కించారా?

సరే, వయసు నిజమైనదే, కణాల సంఖ్య కూడా నిజంగా మెరుగుపడింది అనుకుందాం. అయినా నేను ఆ మొదటి ప్రశ్ననే ఎందుకు పట్టుకున్నానో చెప్పే ప్రయోగం ఒకటుంది, అది మొక్కలది కూడా కాదు. తక్కువ కేలరీలు పెట్టి పెంచితే ఎలుకలు ఎక్కువకాలం బతుకుతాయని, ముసలి వయసులో కూడా వాటి టి కణాలు కుర్రగా కనిపిస్తాయని చాలాకాలంగా తెలుసు. 2005లో ఎలిజబెత్ గార్డనర్ అనే శాస్త్రవేత్త అలా పెంచిన ముసలి ఎలుకలకు ఇన్‌ఫ్లుయెంజా వైరస్ ఎక్కించి చూశారు. కడుపునిండా తిన్న ముసలి ఎలుకల కన్నా తక్కువ తిన్నవే ఎక్కువగా చనిపోయాయి. జబ్బుతో పోరాడాలంటే శక్తి కావాలి, ఒంట్లో నిల్వ కావాలి. ఫ్లో సైటోమీటర్‌కు అది కనిపించదు. మొక్కల పదార్థాలకు కూడా ఇది నేరుగా వర్తిస్తుంది, ఎందుకంటే వాటిలో చాలావాటికి చేదు, వగరు ఎక్కువ. మేతలో కలిపితే ఎలుక తక్కువ తింటుంది, బరువు తగ్గుతుంది. అప్పుడు కనిపించే మార్పు ఆ పదార్థం వల్ల వచ్చిందా, ఆకలి వల్ల వచ్చిందా? ఎలుకలు రోజుకు ఎంత తిన్నాయో, బరువు ఎలా మారిందో చెప్పని పేపర్‌ను నమ్మడం కష్టం.

మరి ఆ ప్రశ్నకు నిలబడిన మొక్క పదార్థం ఏదైనా ఉందా అంటే ఉంది, ఫిసెటిన్. స్ట్రాబెర్రీ, ఆపిల్ లాంటి వాటిలో కొద్దికొద్దిగా ఉండే ఫ్లేవనాయిడ్ ఇది. సెనెసెంట్ కణాలను చంపగల పదార్థాల్లో ఇదొకటని 2017లో బయటపడింది. 2021లో సైన్స్ పత్రికలో వచ్చిన ప్రయోగం మాత్రం నాకు చాలా నచ్చుతుంది, ఎందుకంటే అక్కడ ఎలుకలను శుభ్రమైన గదిలోంచి బయటి లోకంలోకి తెచ్చారు.

మామూలుగా ల్యాబ్ ఎలుకలు చాలా శుభ్రమైన పరిసరాల్లో పెరుగుతాయి, ఫలానా క్రిములు లేవని పరీక్షించి మరీ ఉంచుతారు. పెట్ షాపుల్లో అమ్మే ఎలుకలు అలా కాదు, వాటి మీద రకరకాల వైరస్‌లు, బ్యాక్టీరియా ఉంటాయి. 2016లో మిన్నెసోటా యూనివర్సిటీ వాళ్లు ఈ రెండు రకాలనూ పోల్చి చూస్తే ల్యాబ్ ఎలుక ఇమ్యూన్ వ్యవస్థ అప్పుడే పుట్టిన మనిషి బిడ్డను పోలి ఉంది, పెట్ షాపు ఎలుకది పెద్దవాళ్లను పోలి ఉంది. ల్యాబ్ ఎలుకలను తెచ్చి వాటితో కలిపి ఉంచితే అవి కూడా పెద్దవాళ్ల తరహాలోకి మారాయి. 2021 ప్రయోగంలో ఈ ఉపాయాన్నే వాడుకున్నారు: పెట్ షాపు ఎలుకలు తిరిగిన పంజరంలోని పరుపును తెచ్చి శుభ్రంగా పెరిగిన ఎలుకలకు వేశారు. కుర్ర ఎలుకలు తట్టుకున్నాయి. ముసలి ఎలుకలు దాదాపు అన్నీ చనిపోయాయి, ముఖ్యంగా ఎలుకల్లో వచ్చే ఒక కరోనా జాతి వైరస్ వల్ల. ఆ వైరస్‌కు ముందే టీకా లాంటి రక్షణ కల్పించిన ముసలి ఎలుకలు బతికాయి, అంటే చంపింది అదేనని తేలింది. ఇక ఫిసెటిన్ ఇచ్చిన ముసలి ఎలుకల్లో చావులు గణనీయంగా తగ్గాయి, ఇన్‌ఫ్లమేషన్ తగ్గింది, వైరస్‌కు యాంటీబాడీలు మెరుగ్గా వచ్చాయి.

ఇక్కడితో ఆగి ఉంటే "ఫిసెటిన్ ఇంకేదో చేసి ఉండొచ్చుగా" అనే అనుమానం మిగిలేది. వాళ్లు ఆగలేదు. సెనెసెంట్ కణాలను ఒక మందుతో చంపేసేలా జన్యుమార్పు చేసిన ఎలుకల మీద, డసాటినిబ్ అనే క్యాన్సర్ మందును క్వెర్సెటిన్‌తో కలిపి ఇచ్చిన ఎలుకల మీద కూడా ఇదే ప్రయోగం చేశారు. మూడు దారుల్లో వెళ్లినా చావులు తగ్గాయి. అసలు కారణం సెనెసెంట్ కణాలేనన్న వాదనకు అది గట్టి ఆధారం.

ఇదే ఫిసెటిన్‌కు ఇంకో పక్క కూడా ఉంది. అమెరికాలో ఇంటర్వెన్షన్స్ టెస్టింగ్ ప్రోగ్రామ్ అని ఒకటి నడుస్తోంది, దాన్ని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆన్ ఏజింగ్ నడిపిస్తుంది. ఒకే పదార్థాన్ని మూడు వేర్వేరు చోట్ల, జాక్సన్ లేబొరేటరీలో, మిషిగన్ యూనివర్సిటీలో, టెక్సస్ యూనివర్సిటీ శాన్ ఆంటోనియో కేంద్రంలో, ఒకేసారి పరీక్షిస్తారు. ఒకే జాతి ఎలుకలను కాకుండా నాలుగు జాతుల జన్యువులు కలిసిన ఎలుకలను వాడతారు, ఆడా మగా రెంటినీ చూస్తారు. ఈ పరీక్షకు నిలబడటం చాలా కష్టం. రెస్వెరట్రాల్, కర్‌క్యుమిన్, గ్రీన్ టీ సారం మూడూ ఆయుష్షు పెంచలేదని 2013లో తేల్చారు, ఫిసెటిన్ కూడా పెంచలేదని 2023లో తేల్చారు. క్రియోసోట్ అనే ఎడారి పొదలో దొరికే ఎన్‌డీజీఏ అనే పదార్థం మాత్రం ఆయుష్షు పెంచింది, అదీ మగ ఎలుకల్లోనే. రెస్వెరట్రాల్ గురించి 2006లో ఎంత హడావిడి జరిగిందో గుర్తున్నవాళ్లకు ఇది నిరాశే. అప్పట్లో కొవ్వు బాగా తినిపించిన ఎలుకల్లో అది చావులు తగ్గించింది, 2008లో మామూలు మేత తిన్న ఎలుకల్లో చూస్తే ఆయుష్షులో తేడా రాలేదు.

అయితే ఫిసెటిన్ ఇమ్యూనిటీకి పనిచేస్తుందా, చేయదా? ఈ రెండు ఫలితాలూ ఒకదాన్నొకటి కొట్టేస్తున్నాయని చాలామంది అనుకుంటారు, నేను అలా అనుకోను. ఆయుష్షు పరీక్షలో ఎలుకలు క్రిములు లేని గదుల్లో ఉంటాయి. అక్కడ ఎక్కువ శాతం ఎలుకలు కణితులతోనే చనిపోతాయి, ఇన్‌ఫెక్షన్‌తో కాదు. ఇన్‌ఫెక్షనే రాని చోట ఇన్‌ఫెక్షన్‌ను తట్టుకునే శక్తి పెరిగినా ఎలా కనిపిస్తుంది? పరీక్ష మంచిదే, అది అడిగే ప్రశ్న వేరు. అలాగని ఫిసెటిన్‌ను నెత్తిన పెట్టుకోవాల్సిన పనీ లేదు. నాకు కావాల్సింది మూడు చోట్ల, కలగలుపు జన్యువులున్న ముసలి ఎలుకల్లో, క్రిముల మధ్య చేసే ప్రయోగం.

స్పెర్మిడిన్ కథ ఇంకాస్త నెమ్మదిగా నడిచింది, నా దృష్టిలో ఇంకాస్త నికార్సుగా కూడా. గోధుమ మొలకలో ఇది బాగా ఎక్కువ, కాకపోతే అన్ని జీవ కణాలూ దీన్ని తయారు చేసుకుంటాయి కాబట్టి మొక్క పదార్థం అని పూర్తిగా అనలేం. వయసుతో పాటు కణాల్లో దీని మోతాదు తగ్గుతుంది. 2014లో ఆక్స్‌ఫర్డ్ బృందం ఒకటి ముసలి ఎలుకలకు దీన్ని ఇచ్చి ఇన్‌ఫ్లుయెంజా టీకా వేస్తే, వైరస్ సోకిన కణాలను చంపే సీడీ8 టి కణాల జ్ఞాపకశక్తి మెరుగుపడింది. ఎలా అని అడిగితే జవాబు ఉంది: ఆటోఫజీ ద్వారా. టి కణాల్లో ఆటోఫజీ జన్యువును తీసేసిన ఎలుకలకు అదే స్పెర్మిడిన్ ఇస్తే ఏ లాభమూ రాలేదు. 2019లో అదే దారిలో ముసలి బి కణాల సంగతి తేల్చారు, యాంటీబాడీల స్పందన కోలుకోవడం చూశారు. దారిని మూసేసి "ఇప్పుడూ పనిచేస్తుందా" అని అడిగే ఇలాంటి ప్రయోగం ఉన్న పేపర్ పది మార్కర్లు కొలిచిన పేపర్ కన్నా ఎక్కువ చెబుతుంది.

అంకెల గురించి ఒక హెచ్చరిక. 2021లో ద్రాక్ష గింజల్లోని ప్రోసయనిడిన్ సి1 అనే పదార్థం గురించి నేచర్ మెటబాలిజంలో ఒక పేపర్ వచ్చింది. అది కూడా సెనెసెంట్ కణాలను చంపేదే. 24 నుంచి 27 నెలల ముసలి ఎలుకలకు ఇస్తే ఆయుష్షు 64 శాతం పెరిగిందని అందరూ రాశారు. ఆ 64 శాతం, మందు మొదలుపెట్టాక మిగిలిన జీవితం మీద. మొత్తం జీవితం మీద లెక్కేస్తే 9 శాతం చిల్లర. రెండూ నిజమైన అంకెలే, ఒకే పేపర్లో రెండూ ఉన్నాయి, హెడ్డింగుల్లోకి ఏది వెళ్లిందో చెప్పక్కర్లేదు. ముసలి వయసులో మొదలుపెట్టినా 9 శాతం అంటే తక్కువేమీ కాదు, కానీ 64 అనే అంకె మనసులో వేసే బొమ్మ వేరు.

ఇక ఎలుక నుంచి మనిషికి. ఇక్కడ చాలామంది పట్టించుకోని తేడా ఒకటుంది. ఎలుకలో జీవితాంతం నైవ్ టి కణాలు దాదాపుగా థైమస్ నుంచే వస్తాయి. పెద్దవయసు మనిషిలో అలా కాదు, ఉన్న నైవ్ కణాలే విభజన చెందుతూ తమ సంఖ్యను నిలుపుకుంటాయి. ఈ తేడాను 2012లోనే కొలిచి చూపించారు. అంటే ఒక పదార్థం ఎలుక థైమస్‌ను కాస్త నిలబెడితే దానికి పెద్ద లాభం రావచ్చు, మనిషికి అదే మార్పు అంత లాభం ఇవ్వకపోవచ్చు. క్రోమోజోముల చివర తొడుగుల్లా ఉండి, కణం విభజన చెందినప్పుడల్లా అరిగే టెలోమియర్ల విషయంలో తేడా ఇంకా పెద్దది. ఆస్ట్రాగలస్ అనే మొక్క వేరు నుంచి తీసిన, టెలోమియర్లను పొడిగిస్తుందని చెప్పే టీఏ-65 అనే పదార్థాన్ని 2011లో స్పెయిన్‌లో మరియా బ్లాస్కో బృందం ఎలుకల మీద పరీక్షించింది. కొన్ని ఆరోగ్య సూచికలు మెరుగయ్యాయి, ఆయుష్షు పెరగలేదు. ల్యాబ్ ఎలుకల టెలోమియర్లు మన వాటికన్నా చాలా పొడవు, అవి అరిగిపోయి కణం ఆగిపోయేదాకా ఎలుక బతకనే బతకదు. మనిషి టి కణాల్లో టెలోమియర్ల సమస్య నిజంగానే ఉంది, కానీ దానికి ఎలుకను అద్దంగా పెట్టుకోలేం.

డోసు సంగతి కూడా ఒకసారి లెక్క వేసి చూద్దాం. ఎలుకకు కిలో బరువుకు 100 మిల్లీగ్రాములు ఇచ్చారనుకోండి. 60 కిలోల మనిషికి నేరుగా గుణిస్తే 6,000 మిల్లీగ్రాములు వస్తుంది, అది తప్పు లెక్క. చిన్న జంతువులో జీవక్రియ వేగం ఎక్కువ కాబట్టి శరీర ఉపరితలం ఆధారంగా ఎలుక డోసును సుమారు 12తో భాగిస్తారు. అప్పుడు కిలోకు 8 మిల్లీగ్రాములు, మొత్తం 500కు కాస్త తక్కువ. ఇదైనా మొదటి డోసు అంచనాకే తప్ప, పనిచేస్తుందన్న హామీ కాదు. పైగా మింగింది రక్తంలోకి అలాగే చేరదు. రెస్వెరట్రాల్ పేగుల్లోంచి బాగానే లోపలికి వెళ్తుంది, కానీ పేగు గోడ, కాలేయం దానికి వేరే అణువులు తగిలించేస్తాయి, అసలు రూపంలో రక్తంలో తిరిగేది చాలా కొద్ది. మొక్కది కదా, ఎక్కువ తీసుకుంటే నష్టమేముంది అనుకునేవాళ్లకు: గ్రీన్ టీ సారం సప్లిమెంట్లలో రోజుకు 800 మిల్లీగ్రాములు, అంతకుమించి ఈజీసీజీ తీసుకుంటే కాలేయం మీద ప్రభావం కనిపించవచ్చని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లోనే చెప్పింది. అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్లు, సొంత శరీరం మీదే ఇమ్యూనిటీ తిరగబడే జబ్బులున్నవాళ్లు ఇమ్యూనిటీని "లేపే" పదార్థాలను డాక్టరుకు చెప్పకుండా తీసుకోవడం నిజంగా ప్రమాదం. మొక్కల పదార్థాలు మందుల పనిని కూడా చెడగొట్టగలవు: సెయింట్ జాన్స్ వార్ట్ అనే మొక్క, మార్చిన అవయవాన్ని శరీరం తిరస్కరించకుండా ఇచ్చే సైక్లోస్పోరిన్ మందు మోతాదును రక్తంలో పడగొట్టడంతో, మార్చిన గుండెను శరీరం తిరస్కరించిన కేసులు 2000లోనే ప్రచురితమయ్యాయి.

ఎలుక నుంచి మనిషి దాకా మొత్తం దారి నడిచిన పదార్థం ఒకటి చూపించమంటే నేను విటమిన్ ఇ పేరు చెబుతాను. మొక్కల నూనెల్లో ఉండేదే. 1986లో సిమిన్ మెయ్దానీ బృందం ముసలి ఎలుకలకు దీన్ని ఎక్కువ మోతాదులో పెట్టి, ఇమ్యూనిటీని అణిచే ప్రోస్టాగ్లాండిన్ ఇ2 తగ్గుతుందని, టి కణాల స్పందన మెరుగవుతుందని చూపించింది. తర్వాత ఇన్‌ఫ్లుయెంజా ఎక్కించిన ముసలి ఎలుకల ఊపిరితిత్తుల్లో వైరస్ తగ్గింది. 1997లో పెద్దవయసు మనుషుల్లో టీకా స్పందన మెరుగైంది. ఇంత బలంగా వచ్చాక 2004లో అసలు పరీక్ష పెట్టారు: 33 వృద్ధుల సంరక్షణ కేంద్రాల్లోని 617 మందికి ఏడాదిపాటు రోజుకు 200 యూనిట్లు, లేదా ప్లసీబో. న్యుమోనియా లాంటి కింది శ్వాసకోశ ఇన్‌ఫెక్షన్లలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. జలుబులు మాత్రం తగ్గాయి. దాదాపు ఇరవై ఏళ్ల పని చివరికి ఇచ్చింది అంత, అది చిన్నదే కావచ్చు, కానీ నిజమైన మనుషుల్లో కొలిచింది.

ఇప్పుడు ఆ దారిలో ఉన్నది యూరోలిథిన్ ఎ. దానిమ్మ, వాల్‌నట్‌లలోని ఎల్లాజిటానిన్లు అనే పదార్థాలను పేగు బ్యాక్టీరియా మార్చితే వస్తుంది, ఆ బ్యాక్టీరియా అందరి పేగుల్లోనూ ఉండదు కాబట్టి పండు తిన్నవాళ్లందరికీ ఇది తయారు కాదు. ముసలి ఎలుకల మజ్జలోని మూల కణాల్లో కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలో పాడైనవాటిని తొలగించి వాటి పనితీరును మెరుగుపరుస్తుందని 2023లో చూపించారు. 2025లో 45 నుంచి 70 ఏళ్ల మధ్య ఉన్న 50 మంది ఆరోగ్యవంతుల్లో నాలుగు వారాలపాటు రోజుకు 1,000 మిల్లీగ్రాములు ఇచ్చి, లేదా ప్లసీబో ఇచ్చి చూస్తే, తీసుకున్నవాళ్ల రక్తంలో నైవ్ తరహా సీడీ8 కణాలు పెరిగాయి. మనుషుల్లో, ప్లసీబోతో పోల్చి వచ్చిన రిజల్ట్ కాబట్టి దీన్ని నేను తేలిగ్గా తీసుకోను. కాకపోతే ఇది కూడా ప్రస్తుతానికి కణాల లెక్కే. వాళ్లకు టీకా వేస్తే యాంటీబాడీలు ఎక్కువ వస్తాయా, ఒక చలికాలమంతా గమనిస్తే ఎంతమంది మంచాన పడ్డారు అన్నది నాలుగు వారాల్లో, 50 మందిలో తేలే విషయం కాదు. దానికి 2004 నాటి విటమిన్ ఇ పరీక్షలాంటిదే కావాలి: వందల మంది, ఏడాది కాలం, జబ్బుపడ్డ ప్రతిసారీ నమోదు.